పాపకో తేదీ

వేదవతి గారికి తేదీలు నిలవవు. ఆమె లెక్కే వేరు. రష్యావాళ్లు ఆకాశంలోకి తొలి ఉపగ్రహం వదిలిన ఏడు నాన్నగారి ఉద్యోగం వెంట కాకినాడ నుంచి చిక్కడపల్లి వచ్చిపడ్డారు. బంగ్లాదేశ్ పుట్టిన నెలలో కొడుకు పుట్టాడు. బెర్లిన్ గోడ కూలిందన్న వారమే వీళ్ల పెరటి గోడా కూలింది. ఆ కబురు పేపర్లో వేయలేదేమని భర్త సుందరరావు గారు, బతికున్నన్నాళ్లూ, వచ్చినవాళ్లనల్లా అడిగేవారు.

కొడుక్కంటే ముందు ఒక పాప పుట్టింది. నారాయణగూడ ఆసుపత్రిలో పొద్దున పుట్టి, దీపాలు పెట్టేలోపే పోయింది. బారసాల కాని బిడ్డకు తద్దినం ఉండదు, తిథి రాసుకోవద్దన్నారు అత్తగారు. రాసుకోలేదు. ఇప్పుడు డెబ్బై ఎనిమిదో ఏట మతిమరుపు ఒక్కో పోగూ లాగేస్తుంటే, ఆ రోజు కూడా పోతుందేమోనని ఆమెకు భయం పట్టుకుంది.

మేడ మీద గదిలో స్నేహలత అద్దెకుంటుంది. సిద్దిపేట వైపు పల్లె పిల్ల. అశోక్‌నగర్‌లో గ్రూప్స్ కోచింగ్ అయ్యాక డాబా మీద తిరుగుతూ తేదీలు వల్లెవేస్తుంది. ఆ మబ్బు సాయంత్రం వాలుకుర్చీలో వేదవతి గారు సగం నిద్రలో ఉన్నారు. పైనుంచి తేదీలు వేపపూతలా రాలుతున్నాయి.

"చంద్రుని మీద మనిషి కాలు పెట్టింది, అరవై తొమ్మిది జులై ఇరవై."

ఆమె లేచి కూర్చుని పిల్లను కిందికి పిలిచారు.

"నర్సు ట్రాన్సిస్టరు వింటోంది అమ్మాయ్. చందమామ మీద దిగారంది. అప్పుడే నా పాప ఏడ్చింది. ఆ రోజు సోమవారం, మా అత్తగారి ఉపవాసం. నువ్వన్న రోజు సోమవారమేనా?"

స్నేహలత ఫోన్‌లో చూసింది. "ఆదివారం అమ్మమ్మా."

ఆమె ముఖం వాడిపోయింది. "అయితే అదీ మర్చిపోయానన్నమాట."

"జర ఆగుండ్రి." పిల్ల నుదురు ముడిచి ఆలోచించింది. "ఇరవై అన్నది అమెరికోళ్ల లెక్క. ఆడ ఇంక ఆదివారం రాత్రే. మనకు తెల్లారింది. ఇరవై ఒకటి, సోమవారం పొద్దుగాల. మీరు మర్చిపోలే అమ్మమ్మా. నా పుస్తకమే మన దిక్కు చూడలే."

వేదవతి గారు గోడ క్యాలెండర్లో జులై ఇరవై ఒకటి చుట్టూ పెన్సిలుతో సున్నా చుట్టారు.

"ఉంటే ఇప్పుడు ఎన్నేళ్లే?"

"ఈ జులైకి యాభై ఏడు."

ఇన్నేళ్లూ ఆమె ఒళ్లో అది పసిగుడ్డుగానే ఉంది. ఆమెకు ఏడుపు ఆగలేదు.

"జుట్టు నెరిసుండేది," అన్నారు. "గోరింటాకు పెట్టేదాన్ని."