ముదీర్ తలుపు మీది బోర్డు

1979 ఎండాకాలం. దుబాయ్ దగ్గరి ఉమ్ అల్ క్వైన్‌లో ఒక ఇటలీ కంపెనీ ఫ్యాక్టరీ కడుతోంది. అక్కడ నేను సైన్ పెయింటర్‌ని, అంటే బోర్డులు రాసేవాణ్ణి. ఇటాలియన్ నాకు రాదు. కాగితం మీద ఇచ్చిన అక్షరాలను సుద్దతో గీసి, ఎనామెల్ రంగు నింపేవాణ్ణి. బోర్డు సరిగ్గా వస్తేనే కింద మూలన పేరు వేసుకోవాలి. తప్పు రాసిన బోర్డు మీద పేరు వేయకూడదు. మా పనిలో అది కట్టుబాటు.

మా తాగునీళ్ల ట్యాంకు ఎండలోనే ఉండేది. నోట్లో పోసుకుంటే నాలుక కాలేది. ముదీర్ గదిలో మాత్రం ఫ్రిజ్! ముదీర్ అంటే అరబ్బీలో మేనేజరు; మా సైట్ ముదీర్ ఇటలీవాడే. కూలర్ పెట్టించమంటే "బుక్రా, బుక్రా" అనేవాడు. ఆ రేపు ఎన్నటికీ రాలేదు. నా గదిలో ఉండే మెట్‌పల్లి నర్సయ్య ఒకనాడు పని చేస్తూనే సొమ్మసిల్లి పడ్డాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

ఆ వారమే ముదీర్ తన తలుపుకు కొత్త బోర్డు రాయమన్నాడు. 'కాపో కాంతియేరె', అంటే సైట్ పెద్ద. రెండు మాటలూ C తోనే మొదలు. మెకానిక్ మారియో ఇటలీవాడే అయినా మాతో కూర్చుని టీ తాగే మనిషి. కాగితం చూసి నవ్వాడు.

"మా దేశంలో దొరల మీద కోపమొస్తే జనం గోడల మీద C బదులు కావాలనే K రాస్తారు. నువ్వు పెద్దవాడివి కాదు, జులుం చేసేవాడివి అని వెక్కిరింపు," అని హిందీ, ఇంగ్లీషు కలిపి చెప్పాడు.

రెండు చోట్లా K రాశాను. కింద నా పేరు వేశాను.

తెల్లారి ఇటలీవాళ్లు బోర్డు ముందు పొట్టలు పట్టుకుని నవ్వారు. ముదీర్ మొహం జేవురించింది. అందరి ముందూ తన పరువు నిలవాలి కదా, నాకు తనే తప్పించుకునే దారి చూపాడు.

"నీకు మా భాష రాదు. మిస్టేక్. అవునా?"

"అవునను అన్నా, నీకు దండం పెడ్త. వీసా కేన్సిల్ జేస్తడు," అని నర్సయ్య వెనక నుంచి గొణిగాడు.

"మిస్టేక్ నహీ, సాబ్. నీచే మేరా నామ్ హై," అన్నాను. "పహలే ఠండా పానీ, బాద్ మే బోర్డ్ సాఫ్."

పొరపాటు కాదు, కింద నా పేరుంది; ముందు చల్లని నీళ్లు, తర్వాతే బోర్డు తుడిచేది. "గో హోమ్!" అని ముదీర్ అరిచాడు.

అప్పుడు నర్సయ్య హెల్మెట్ తీసి పక్కన పెట్టి నేల మీద కూర్చున్నాడు. వాడి వెనక ఒక్కొక్కరే అందరూ కూర్చున్నారు. ఫోర్‌మన్ "యల్లా, యల్లా" అని ఎంత మొత్తుకున్నా ఒక్కడూ కదల్లేదు.

సాయంత్రానికి కూలర్ వచ్చింది. "పండ్లు జివ్వుమంటున్నయన్నా!" అన్నాడు నర్సయ్య గ్లాసెడు నీళ్లు తాగి. నేనూ మాట తప్పలేదు, నా చేత్తోనే K చెరిపి C రాశాను. ఆ నెలలోనే నా వీసా ఖలాస్.

రెండక్షరాల కోసం దుబాయ్ పోగొట్టుకున్నావురా అని ఊళ్లో తిట్టనివాళ్లు లేరు. తిట్టనీ! తెలియక రాశానని ఉంటే ముదీర్ నన్ను క్షమించేవాడు. తెలిసే రాశానన్నాను గనకే నీళ్లిచ్చాడు.