నాయన కొత్త చెప్పులు

ఈరోజు ప్రొద్దుటూరులో మా పాపా నేనూ పందేనికి చెక్క కార్లు చేస్తున్నాం. వేపచెక్కను గరుకు కాగితంతో రుద్దుతుంటే ఆ చేదు వాసనకు జమ్మలమడుగులోని మా పాత ఇల్లు కళ్ళముందుకొచ్చింది. మన ఈడువాళ్ళకు గుర్తుందా, రబ్బరు చెప్పులు కోసి బొమ్మ కార్లకు చక్రాలు చేసుకునేవాళ్ళం?

నాకప్పుడు ఐదారేళ్ళు. నాయన కువైట్ నుంచి సెలవుపై వచ్చాడు. అంతవరకు నాకు తెలిసిన నాయన, ఆయన పంపే క్యాసెట్లలో వినిపించే గొంతు మాత్రమే. మనిషి ఎదుట నిలబడేసరికి భయమేసి మా జేజి, అదే మా నాయనమ్మ, వెనక దాక్కున్నాను. పిలిచినా పోలేదు. ఆయన బలవంతం చేయలేదు. వసారాలో కూర్చుని రెండు చిన్న కార్లు చెక్కి, నావైపు చూడకుండానే అన్నాడు.

"చక్రాలు కోయాల. చెప్పులు యాడన్నా ఉంటే తేమ్మా."

నేను పరుగెత్తి, ఆయన కువైట్ నుంచి తొడుక్కొచ్చిన చెప్పులే తెచ్చిచ్చాను.

"అయ్యో, అవి కొత్తవి గదే!" అని జేజి అరిచింది.

"పోనీలేమ్మా, బిడ్డ తెచ్చిచ్చింది" అంటూ నాయన వాటినే కోశాడు.

వాకిట్లో నాపబండను ఏటవాలుగా పెట్టి ఇద్దరం కార్లు వదిలాం. నాది ముందు పోయింది.

"నాయనా, నేనే గెలిచినా!" అని ఎగిరాను.

నేను నాయనా అని పిలవడం అదే మొదటిసారి. ఆయన టవలుతో కళ్ళు తుడుచుకున్నాడు. ఓడిపోయినందుకు ఏడుస్తున్నాడనుకుని, పోయి ఒళ్ళో కూర్చున్నాను.

"ఏడవాకు నాయనా, ఈ తూరి నువ్వే గెలుస్తావులే."