నలభై ఒక్క రాళ్ల దారి

జిల్లా నుంచి వచ్చిన ఆఫీసరమ్మను, కాలేజీలో చరిత్ర చెప్పే లెక్చరర్‌ను, సొంత అక్కను, ఏడు తరాల వంశ గౌరవాన్ని ఒకే పూటలో అడవిలో దారి తప్పించిన మనిషిని మీరు ఇంతవరకు చూసి ఉండరు. చూడాలనిపిస్తే పావగడ తాలూకాలో క్యాతగానచెర్లు దాటి మా బంగళాకు రండి. కాఫీ ఇస్తాను. దారి మాత్రం నన్ను అడగకండి.

మా బంగళాకు ముందు వైపు చూపు ఆనినంత మేర సోలార్ పలకలు. ఒకప్పుడు అవన్నీ మా వేరుశనగ చేలు. వెనక వైపు మామిడి తోట, తోట వెనక అడవి, అడవి చివర గుట్ట. గుట్ట మీద రాకాసి గుళ్లు ఉన్నాయి. నాలుగు బండలు నిలబెట్టి పైన ఒక బండ కప్పిన సమాధులు. వేల ఏళ్ల కిందటి మనుషులు కట్టినవట. వాటి కప్పులు ఇప్పటికీ చెక్కు చెదరలేదు. మా బంగళా కప్పు మాత్రం తాత పోయిన మరుసటి వానాకాలానికే కారడం మొదలుపెట్టింది.

అప్పుడు నాకు ముప్పై ఏళ్లు. చేలు చేజారినా నా వెన్ను వంగలేదు. ఎంత నిటారుగా ఉండేదంటే, చెప్పుల పట్టీ బిగించుకోవడానికి వంగాల్సి వస్తే చుట్టుపక్కల ఎవరూ లేరని చూసుకునేవాణ్ణి. బంగళాలో సగం మా సరోజక్కది. ఆమె పావగడలో బడిపంతులమ్మ. పిల్లలకు ఎక్కాలు చెప్పే గొంతుతోనే నాకూ చెప్పింది.

"ఇల్లు కారతా ఉండాది. నువ్వు బాగు చేయవు, ఇంకొకరిని చేయనియ్యవు. ఎవురికన్నా ఇచ్చేద్దాం."

"మన బంగళానా?"

"బంగళా అంటే కారకుండా ఉండల్ల కదరా."

సరిగ్గా అప్పుడే జిల్లా ఆఫీసు నుంచి ఒక కబురు వచ్చింది. పాత ఇళ్లను, పురాతన స్థలాలను కలుపుతూ అడవి నడక దారులు పెడతారట. మా తోట నుంచి రాకాసి గుళ్ల దాకా దారి కుదిరితే బంగళా నడిచేవాళ్లకు విడిది అవుతుంది, మరమ్మతు కూడా వాళ్లే చూస్తారు. ఆఫీసరమ్మ ఒక్కసారే వచ్చి నడిచి చూస్తుంది. నచ్చితే ఖాయం, లేకుంటే ఇంకో ఊరు.

"ఇది కుదిరితే ఇల్లు ఉంచుకుందాం, లేకుంటే నా మాట వినల్ల," అంది అక్క.

"సరే," అన్నాను. ఆ రెండక్షరాల మాట వెనక ఎంత పొగరుందో రాయడానికి ఇక్కడ చోటు చాలదు.

చిన్న చిక్కు ఒకటుంది. నాకు దారి తెలియదు. మా ఇంట్లో ఎవరికీ తెలియదు. తాత గుట్టకు గుర్రం మీద పోయేవాడు కాబట్టి దారి గుర్రానికే తెలుసు.

దారి తెలిసిన మనిషి మా తోట కంచె పక్కనే తిరుగుతూ ఉండేది. ఆమె పేరు ఈరక్క. గుట్ట కింద పల్లె వాళ్లంతా ఒకప్పుడు గొర్రెలు కాసినవాళ్లే. ఇప్పుడు కొందరు సేద్యం చేస్తున్నారు, కొందరు సోలార్ పలకలు కడగడానికి పోతున్నారు. మంద మాత్రం ఈరక్క ఒక్కతే వదలలేదు. విషయం విని తానే వచ్చింది.

"రెడ్డీ, గుట్టకు పిల్చుకోని పోతాండావంట. నేను ముందర పోతా, మీరు ఎనక రాండి. యాడ ముల్లుండాదో, యాడ ఎలుగుబంటి పండుకుంటాదో నాకు తెలుసు."

"ఈరక్కా, మా అడవిలో మాకు ఒకరు దోవ చూపించల్లనా?"

"అడివి మీదేలేప్పా. దోవ మాత్రం గొర్రెలది."

మావంటి ఇళ్లలో సమాధానం లేనప్పుడు కండువా సర్దుకుంటారు. సర్దుకున్నాను.

మూడు రోజులు ఒంటరిగా తిరిగాను. బలుసు ముళ్లు నా చొక్కాను జల్లెడ చేశాయి. మూడో రోజు మధ్యాహ్నం పూర్తిగా పొరపాటున రాకాసి గుళ్లకు చేరాను. పొరపాటు మళ్లీ జరగదేమోనని భయం వేసి, తిరిగి వచ్చేటప్పుడు ప్రతి మలుపులో ఒక రాయి నిలువుగా నాటుకుంటూ వచ్చాను. మొత్తం నలభై ఒకటి. నడక దారులకు పసుపు బాణాలు గీస్తారని తెలుసు. కానీ బాణం గీయడం బస్టాండు పద్ధతిగా తోచింది. మా బంగళా ప్రహరీకి తాతల నాటి నుంచి ఒక పట్టీ సున్నం, ఒక పట్టీ ఎర్రమన్ను పూయించే ఆచారం ఉంది. ఆ హుందాతనమే అడవిలోనూ కనిపించాలని నలభై ఒక్క రాళ్లకూ తెలుపు, ఎరుపు పట్టీలు పూశాను. వెనక వైపు వరుస అంకెలు కూడా వేశాను.

మీరు ఈ పాటికి తల పట్టుకునే ఉంటారు. మా తాలూకాలో ఆ పట్టీలు గుడి గోడకు ఉంటాయి, మా ప్రహరీకి ఉంటాయి, ఇంకెక్కడా ఉండవు. అడవిలో నిలువు రాయికి అవి కనిపిస్తే గుడి గుర్తొస్తుంది ఎవరికైనా. మా ప్రహరీ గుర్తొచ్చేది ప్రపంచంలో నా ఒక్కడికే.

పది రోజుల తర్వాత ఆఫీసరమ్మ వచ్చింది. తుమకూరు మనిషి, మాట్లాడింది కన్నడం, నేను తెలుగులో రాస్తున్నాను. వెంట లెక్చరర్, ఆయన మెడలో భూతద్దం. అక్క చిత్రాన్నం క్యారియరు పట్టుకుని వచ్చింది, పోటీలో ఎవరు ఓడతారో చూడటానికి వచ్చినట్టు.

"దారికి గుర్తులున్నాయా?" అంది ఆఫీసరమ్మ.

"గుర్తులు కావు మేడమ్, శిలలు. చిన్నపిల్లలు కూడా తప్పిపోరు."

మొదటి మలుపుకు వచ్చాం. రాయి లేదు.

"అడవి పందులు దొర్లించి ఉంటాయి," అన్నాను.

రెండో మలుపులో కూడా లేదు. మూడోది మలుపా కాదా అన్నదే తేలలేదు.

"మీ పందులు చాలా శుభ్రంగా పనిచేస్తాయి. గుంట కూడా పూడ్చేశాయి," అంది ఆఫీసరమ్మ నేల చూస్తూ.

"ఒరే, నీకు దోవ తెలుసునా?" అక్క చెవిలో అడిగింది.

"తెలుసు."

"ఈ తంగేడు చెట్టును మూడుసార్లు చూసినట్టుండాదే."

"అడివన్నాక తంగేడు ఉండదా అక్కా."

"దానికి నా కొంగు పోగు తగులుకోని ఉండాది చూడు."

తొమ్మిదింటికి బయల్దేరిన వాళ్లం పన్నెండు దాకా తిరిగాం. లెక్చరర్ బూటు అడుగు ఊడిపోయి, అడుగడుక్కీ చప్పట్లు కొడుతున్నట్టు చప్పుడు చేసింది. ఆ రోజు నాకు దక్కిన చప్పట్లు అవే. నీళ్లు అయిపోయాయి. ఆఫీసరమ్మ పుస్తకం తీసి ఏదో రాసి, కింద గట్టిగా గీత గీసింది. ఆ గీతతో బంగళా సగం తెగిపోయినట్టు అనిపించింది నాకు.

అప్పుడు పొంగలి వాసన వచ్చింది. ఇంత అడవిలో పొంగలి ఏమిటని అందరం ముక్కులను నమ్ముకుని నడిచాం. ఒక పెద్ద బండ నీడన ఈరక్కతో పాటు గుట్ట కింద పల్లె వాళ్లు పదిహేను మంది దాకా కూర్చుని ఉన్నారు. పొయ్యి మీద కుండ పొంగుతోంది. వాళ్ల ముందు, బడిలో ప్రార్థనకు నిలబడినట్టు, వరుసగా నలభై ఒక్క రాళ్లు. సున్నం పట్టీ, ఎర్రమన్ను పట్టీ, వాటి మీద పసుపు, కుంకుమ, బంతిపూలు.

నేను ఆఫీసరమ్మ వెనక్కి జరిగాను. లెక్చరర్‌కు మాత్రం ప్రాణం లేచి వచ్చింది. భూతద్దం తీసి మొదటి రాయి ముందు బోర్లా పడుకున్నాడు.

"మేడమ్, ఇది మామూలు సంగతి కాదు. శిలల వరుస, ఇప్పటికీ పూజ జరుగుతోంది. ఎంత పాతదో చెప్పలేను. వెనక సగం చెరిగిన లిపి ఏదో కూడా ఉంది."

ఆఫీసరమ్మ ఇందాకటి గీత మీద పెన్ను పెట్టి ఆగింది. "అయితే ఈ ఒక్కదాని కోసమైనా దారి ఖాయం చేయొచ్చు," అంది.

నోరు మూసుకుంటే చాలు, బంగళా నిలబడుతుంది. మూసుకున్నాను కూడా. కానీ లెక్చరర్ నా ఏడో అంకెను పుస్తకంలోకి ఎంత భక్తిగా దించుకుంటున్నాడో చూస్తే, మా ఇల్లు ఒక దొంగ సంతకం మీద నిలబడుతున్నట్టు తోచింది.

"సార్, అది లిపి కాదు, ఏడు," అన్నాను. "రాళ్లు పాతవి కావు. పది రోజుల కిందట నేనే పూశాను. దారి గుర్తుకు."

అక్క ఒక రాయిని వేలితో రుద్ది చూసింది.

"మన ప్రహరీ సున్నమే. మూటలో మిగిలింది యాడికి పోయిందా అనుకుంటి."

ఈరక్క లేచి వచ్చింది. "నువ్వా పూసింది రెడ్డీ?"

"నేనే. తప్పయింది ఈరక్కా. వీటిని ఈడికెందుకు తెచ్చినారు?"

"మా సూడిగొర్రె రెండు దినాలు కనపడలేదప్పా. ఎతికితే ఈ రాయి పక్కన పండుకోని ఉండాది, పిల్లను ఈని. ఏందిరా దేవుడు దోవలో నిలబడినాడే, మందలు తొక్కితే పాపం కదా అని ఎత్తి నీడన పెడితిమి. ఎతకతా పోతే మలుపుకొకటి దొరికె. పెద్ద సంసారం అనుకుంటిమి."

"మరి ఇప్పుడేం చేద్దాం? మనిషి పూసినవని తెలిసిపోయింది కదా," అన్నాను.

"గుళ్లో గోడకు పూసేది ఎవురప్పా, మనిషి కాదా? గొర్రె దొరికినాది గదా. కూచో, పొంగలి తిందువు."

ఆ మాటకు ముందు ఆఫీసరమ్మ నవ్వింది. తర్వాత లెక్చరర్ పడుకున్నచోటే నవ్వాడు. చివరికి నేను కూడా కింద కూర్చున్నాను, పదిమంది చూస్తుండగా వంగి. వెన్ను విరగలేదు. ఆశ్చర్యంగా, హాయిగా ఉంది.

తిన్నాక ఈరక్క ముందు నడిచింది, మేము మంద లాగా వెనక నడిచాం. అరగంటకు రాకాసి గుళ్లు వచ్చాయి. దారిలో ఏ బండ కింద నీళ్లూరుతాయో, ఏ పొద దగ్గర గొంతు తగ్గించాలో చెబుతూనే ఉంది. ఆఫీసరమ్మ పుస్తకంలో రెండు పేజీలు నింపింది.

"దారి బాగుంది. దారి చూపించే మనిషి ఇంకా బాగుంది. ఈమె వస్తే ఖాయం చేస్తాను," అంది.

అందరూ నా వైపు చూశారు. "ఈరక్కా, నువ్వు ముందర పోతావా? నేను ఎనక వస్తా," అన్నాను.

"అదే గదప్పా నేను మొదుట్లో చెప్పింది," అంది ఈరక్క.

బంగళా మాకే మిగిలింది. ఇప్పుడు వారానికి రెండు జట్లు నడుస్తున్నాయి. ఈరక్క ముందు, జనం మధ్యలో, నేను చివర నీళ్ల సీసాలతో. నలభై ఒక్క రాళ్లూ ఆ నీడలోనే ఉన్నాయి. ఏటా వాటికి సున్నం, ఎర్రమన్ను పూయడం నా వంతు. మొన్న ఒక పెద్దాయన వాటి ముందు చేతులు జోడించి అడిగాడు.

"ఎప్పటి కాలం నాటివమ్మా ఇవి?"

ఈరక్క నా వైపు చూడను కూడా చూడలేదు. "రెడ్డోళ్ల కాలం నాటివి సామీ."

కనుక ఏడు తరాల మా పెద్దల సాక్షిగా, సోలార్ పలకల మీద వెలిగే ఆ సూర్యుడి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇక ఈ జన్మలో ఈరక్కను అడగకుండా ఏ రాయికీ రంగు పూయను. ఉన్న నలభై ఒక్క దేవుళ్లకు పొంగలి పెట్టేసరికే పొద్దు వాలుతోంది.