అంకె లేని ఆ వరుస

ఎనిమిదేళ్లుగా నేను రాసిన ఒక్క లైను నా గుండెల మీద కూర్చుని ఉంది. ఇంట్లో కూడా ఎవరికీ తెలియదు. మీకే చెబుతున్నాను.

మనలి పారిశ్రామికవాడలోని ఒక రసాయనాల ఫ్యాక్టరీలో కార్మికులకు ఏటా ఊపిరి పరీక్ష చేసేవారు. మిషన్‌లోకి గట్టిగా ఊదితే ఒక అంకె వస్తుంది. డాక్టరు కాగితం మీద రాసిన ఆ అంకెల్ని మా ఆఫీసులో సరోజక్క కంప్యూటర్‌లోకి ఎక్కించేది. అంకె తక్కువున్నవాళ్లకు ఆసుపత్రికి రమ్మని ఉత్తరం వెళ్లేలా ప్రోగ్రాం రాయడం నా పని. తక్కువున్న పేర్లన్నీ ఒకేసారి ఇమ్మని అడిగే సాదా క్వెరీ ఒకటి చాలు. అది నా కంటికి ఆనలేదు. ఒక్కొక్క కార్మికుడి వరుసే తీసుకుని, ఇలా ఉంటే ఇది చెయ్యి, లేకపోతే అది చెయ్యి అంటూ డేటాబేస్‌లోనే పెద్ద ప్రొసీజర్ రాశాను. అది మధ్యలో ఆగిపోయేది. ఎందుకో చూడాలి కదా? చూడలేదు. బద్ధకమా, పొగరా? రెండూ. ఏ వరుసలో తప్పొచ్చినా ఏమీ అనకుండా తర్వాతి వరుసకు వెళ్లమని ఒక లైను చేర్చాను. ఇక ఆగలేదు. అందరూ మెచ్చుకున్నారు కూడా.

ఆ ఏడాది ఒకాయన మిషన్‌లోకి ఊదలేకపోయాడు. అంకె రాలేదు. డాక్టరు 'ఊదలేకపోయాడు' అని రాశాడు. సరోజక్క అదే కొట్టింది. అంకె కోసం వెతికిన నా ప్రొసీజర్ ఆ మాట చూసి, నేను నేర్పినట్టే, నోరెత్తకుండా దాటిపోయింది. అందరికంటే ముందు ఉత్తరం అందాల్సిన మనిషికే అందలేదు. నాలుగు నెలలకు పనిలోనే కుప్పకూలాడు. బతికాడు. ఇప్పటికీ మెట్లెక్కలేడట.

ఉత్తరం ఎందుకు వెళ్లలేదని మేనేజరు అడిగితే, "ఎంట్రీలో తప్పు సార్" అన్నాను. పూర్తి అబద్ధం కాదులే అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. ఎంత తెలివి!

సరోజక్కను పనిలోంచి తీసేశారు. వెళ్లేముందు ఆ కాగితం పట్టుకుని నా దగ్గరికొచ్చింది.

"ఈడ చూడు తమ్ముడూ. డాక్టరు రాసిందే కదా నేను కొట్టినా? నా తప్పేముండాది?"

"అంకె ఉండాల్సిన చోట మాటలు కొట్టకూడదక్కా."

"లేని అంకె నేనెట్లా కొట్టేది పా?"

నేను స్క్రీన్ వైపు తిరిగాను. ఆమె టిఫిన్ డబ్బా సంచిలో పెట్టుకుని వెళ్లిపోయింది.

తర్వాత ఎవరికీ చెప్పకుండా ఆ లైను తీసేశాను. నిమిషం పట్టలేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటారు. ఇక్కడ ఆకులు పట్టుకున్నది నేను, కాలిన చేతులు వాళ్లవి.

ఆమె ఉండేది రాయపురంలో. ఆ వైపు బస్సు ఎక్కను. ఎదురుపడితే క్షమించమని అడిగే ముఖం నాకెక్కడిది? ఆ రోజు అడిగిన ప్రశ్నకు జవాబు మాత్రం ఇప్పుడు రాస్తున్నాను. నీ తప్పేమీ లేదక్కా. నువ్వు కొట్టింది సరిగ్గానే ఉంది. తప్పు నాది.

ఇంతవరకూ రాశాక నాకు ఊపిరి కాస్త తేలిగ్గా ఆడుతోంది. ఊపిరి అన్న మాట రాయడానికే సిగ్గుగా ఉంది.