ఇయర్‌ఫోన్ తీసి అడిగిన ప్రశ్న

మా నాయనమ్మ నన్ను ఇప్పటిదాకా పేరు పెట్టి పిలవలేదు. నాకు పెట్టింది మా తాత పేరు. మొగుడి పేరు పలకడానికి ఆమెకు నోరు రాదు. అందుకని మనవణ్ణి కూడా 'ఏమయ్యా' అంటుంది. తాత పోయిన ఏడాదికి నేను పుట్టాను, అదీ ఆయనకున్న చోటే, ఎడమ భుజం మీద పుట్టుమచ్చతో. మేముండే దాజీ పేటలో మా ఇంటివరకు, తాతే మళ్ళీ పుట్టాడని కేసు అక్కడితో తేలిపోయింది.

కర్మ సిద్ధాంతం మీద కాలేజీలో వ్యాసం రాసి మార్కులు కూడా తెచ్చుకున్నవాణ్ణి. చేసినవాడే అనుభవించాలని రాశాను. ఇంట్లో మాత్రం చేసింది తాత, నిఘా నా మీద. నాయనమ్మ బీడీలు చుడుతుంటే పక్కనుంచి నడిచినా చాలు, ఆమె చెయ్యి చాటకు అడ్డం వచ్చేది. నేను బీడీ తాగను. దాన్ని ఆమె నటన కింద జమకట్టింది.

తాత పవర్‌లూమ్ కార్ఖానాలో పనిచేసి చెవుడు తెచ్చుకున్నాడు. మగ్గాల మోతకు మా పేటలో అది మామూలే. నాయనమ్మ మాత్రం నమ్మలేదు. 'చాయ్' అంటే ఆయనకు వినబడేదట, 'బియ్యం లేవు' అంటే వినబడేది కాదట.

మొన్నొక మధ్యాహ్నం ఇయర్‌ఫోన్లు పెట్టుకుని కూర్చున్నాను. ఆమె మూడుసార్లు పిలిచిందట. చివరికి లేచొచ్చి చెవిలోంచి ఒకటి పీకేసింది.

"ఏమయ్యా, ఈ జన్మల గూడ షురూ జేసినవా?"

"ఇనబడలే నాయినమ్మా."

"గప్పుడు గూడ గిదే మాట." ఎదురుగా కూర్చుంది. నవ్వడం లేదు. "ఒకటి అడుగుత, ఖరే చెప్పు. ఆ పొద్దు నా చాటలకెల్లి రెండు బీడీలు దీస్కొని కార్ఖానకు వోతుంటివి. ఎన్కకెల్లి నేను 'పోతె పో, మల్ల రాకు' అన్న. ఇన్నవా?"

తాత ఆ రోజే మగ్గం దగ్గర కుప్పకూలి చనిపోయాడని నాకు తెలుసు. అంతకుముందు ఈ మాట ఒకటి ఉందని తెలియదు. ఇన్నేళ్ళూ ఆమె ఎవరికీ చెప్పలేదు.

నాకు పునర్జన్మ మీద నమ్మకం లేదు. ఆ సంగతి అప్పుడే చెప్పడం అంత అవసరమనిపించలేదు.

"నాకు ఇనబడనే లేదు," అన్నాను.

ఆమె నా మొహం చూడలేదు, చెయ్యి చూసింది.

"అవద్దమాడుకుంట చెవి గోక్కునుడు గూడ పోలే నీకు."

నా చెయ్యి నిజంగానే చెవి మీద ఉంది. ఇయర్‌ఫోన్ పీకితే దురద పుట్టింది, అంతే. వివరణ సిద్ధంగానే ఉంది గానీ ఎవరూ అడగలేదు.

"అంటె ఇన్నవు." చేతిలోని ఆకుముక్కను మడిచింది, విప్పింది, మళ్ళీ మడిచింది. "ఇని గూడ మల్ల ఈ ఇంట్లనే పుట్టినవంటె... కోపం లేనట్టేనా?"

ఈసారి రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకున్నాను.

"లేదు."

ఆ చేతుల్ని ఆమె కాసేపు తనిఖీ చేసింది. తర్వాత చాట దగ్గరికి లాక్కుని, రెండు బీడీలు ఏరి నా అరచేతిలో పెట్టింది.

జేబులో వేసుకున్నాను.