ఘాట్ ఎక్కని బ్రేకులు

విజయవాడ ఆటోనగర్‌లో ఒక కార్ల వర్క్‌షాపుకు నేను వర్క్స్ మేనేజర్ని. రిటైర్మెంట్ ఇంకో ఏడాది ఉందనగా, ఫిబ్రవరి మొదటి సోమవారం, కంకిపాడు రైసుమిల్లు యజమాని రంగారావు గారి కారు మా షెడ్డుకు వచ్చింది. ఆయన తండ్రి కొన్న కారు, అరవై ఏళ్లు దాటింది. దానిలో భార్యతో కలిసి హిమాచల్ కొండల దాకా వెళ్లిరావాలని ఆయన కోరిక. మాకిచ్చిన గడువు ఆరు వారాలు.

ఇంజను, రేడియేటరు, వైరింగు మూడు వారాల్లో అయిపోయాయి. చిక్కల్లా బ్రేకులతోనే. ఆ కాలపు లైనింగులు, అంటే చక్రం డ్రమ్మును ఒరుసుకుని ఆపే పట్టీలు, ఇప్పుడు దొరకవు. మా సీనియర్ మెకానిక్ మస్తాన్ గారు వేరే బండి లైనింగు తెచ్చి, కొలతకు కోసి, రివెట్లు కొట్టారు. హనుమాన్ జంక్షన్ దాకా ఒకసారి, పామర్రు దాకా రెండుసార్లు నడిపి చూశాం. బండి గీత గీసినట్టు ఆగింది. నేను మురిసిపోయాను. ఆయన మురవలేదు.

"సార్, మన వైపు ఎత్తంటే కాలవ కట్ట ఎక్కడమేగా. ఇక్కడ బ్రేకులు కాగేదెప్పుడండీ? బాగా కాగితే ఈ లైనింగు పట్టుద్దో జారుద్దో నాకూ తెలీదు. మారేడుమిల్లి ఘాటు మీద లోడుతో ఓసారి దింపి చూడాలండీ" అన్నారు.

మా పద్ధతి ప్రకారం ఎవరు చేసిన పనికి వారు జాబ్ కార్డు మీద సంతకం పెడతారు. ట్రయల్ షీటు నింపేది మేనేజరు. అందులో చదును రోడ్డు, లోడు, ఘాట్ అని మూడు గడులు. నా సంతకం లేనిదే బండి గేటు దాటదు.

మారేడుమిల్లి వెళ్లిరావడానికి రెండు రోజులు కావాలి. రంగారావు గారి ప్రయాణానికి ముహూర్తం మర్నాడు ఉదయం. చక్రాల కింద పెట్టే నిమ్మకాయలతో సహా అన్నీ సిద్ధం, పేపరు వాళ్లకు కబురు వెళ్లింది. ముహూర్తం తప్పితే మళ్లీ నెల దాకా మంచిరోజు లేదట. "అయిందని రాసెయ్యండి, ఆయనేమన్నా రేసుకెళ్తన్నాడా?" అన్నాడు మా యజమాని. మూడు గడులకూ కలిపి ఒకే గీత లాగి, 'పూర్తి' అని రాసి సంతకం పెట్టాను. నిమ్మకాయలు మాత్రం బ్రహ్మాండంగా నలిగాయి.

పదకొండో రోజున ఫోను వచ్చింది. కొండ దిగుతుండగా పెడల్ ఎంత తొక్కినా బ్రేకు పట్టలేదట. లోయలో పడకుండా రంగారావు గారు కారును కొండకేసి కొట్టారు. ఆయనకు దెబ్బలు తగిలాయి. ఆయన భార్య కుడికాలు మూడుచోట్ల విరిగింది. ఆవిడ ఈనాటికీ కర్ర లేకుండా నడవలేరు.

మా యజమాని నన్నూ మస్తాన్ గారినీ పిలిచాడు. బ్రేకులు చేసిందెవరని అడిగాడు. "నేనేనండీ" అన్నారు మస్తాన్ గారు. ట్రయల్ సక్రమంగా జరిగినట్టు కాగితం ఉంది కాబట్టి లోపం చేతిపనిదేనని యజమాని తేల్చేశాడు. ఆ కాగితం అబద్ధమని ఆ గదిలో ముగ్గురికీ తెలుసు. మస్తాన్ గారు నా వైపు చూశారు. నేను తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను. మరో ఏడాది ఆ కుర్చీలోనే ఉండి శాలువా కప్పించుకుని పోవాలని నా ఆశ. అంతకు మించి కారణమేమీ లేదు.

నలభై ఏళ్లు ఆ షెడ్డులో పనిచేసిన మనిషి ఆ మధ్యాహ్నమే తన రివెట్ల డబ్బా తీసుకుని వెళ్లిపోయారు. ఆటోనగర్‌లో ఇంకెవరూ ఆయనకు బ్రేకుల పని ఇవ్వలేదు. నాకు శాలువా కప్పారు.

ఇందులో నేర్చుకోవలసింది ఒక్కటే. చెయ్యని పరీక్షను చెయ్యలేదనే రాయాలి. డిప్లొమా పట్టుకుని ఆ షెడ్డులో చేరిన మొదటి వారంలోనే ఈ మాట నాకు ఒకరు చెప్పారు. చెప్పింది మస్తాన్ గారే.