చక్రంలో చిక్కుకున్న ఎర్ర నూలు

ఈ పొద్దు వేలూరులో మా కాలేజీ ల్యాబులో నాకు ప్రాణం పోయినంత పనైంది. రోబోటిక్స్ మొదలుపెట్టి రెండు నెలలే. నల్లగీత మీద తనంతట తానే నడవాల్సిన నా బుజ్జి రోబో, పరీక్షలో గీత వదిలేసి కుడిపక్కకే పోతా ఉండాది.

"పది నిమిషాలిస్తా, అంతే" అన్నాడు సార్.

ప్రోగ్రాం మార్చినాను. సెన్సార్లు మార్చినాను. బ్యాటరీ కూడా మార్చినాను. ఊహూ! ఇంక ఫెయిలే అని చెప్పేదానికి, గుడియాత్తంలో మగ్గం కాడుండే నాయనకు ఫోన్ చేసినాను.

ఆయన ఒకటే అడిగినాడు. "నిన్న దాన్ని యాడ నడిపి చూసినావు?"

"మన మగ్గం పక్కనే, నేలమీద."

"సరి, ఏడవకుండా చక్రం ఊడదీసి చూడమ్మా. నూలు చుట్టుకోని ఉంటాది."

నిజమే! కుడిచక్రం ఇరుసుకి జానెడు ఎర్ర నూలు, నాయన నేస్తా ఉండే లుంగీది. అది లాగేసినాక నా రోబో గీత తప్పకుండా చివరిదాకా పోయింది.

లోపమేందో రికార్డులో రాయమన్నాడు సార్. "నూలు" అని రాసినాను. కనిపెట్టింది ఎవరో రాసే గడి మాత్రం ఆ పేజీలో లేదు.

మా నాయన పేరు యాడ రాసేది? మీరే చెప్పండి.